వెన్నుపాము గాయమైనవారు, దగ్గు, తెమడ: కొన్ని అపోహలు, వాస్తవాలు

చింతపండు రాల్చే రోజుల్లో మడకశిర, కళ్యాణదుర్గం వైపు నుంచి చెట్టు మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారు అనంతపురానికి వస్తుంటారు. ఇంటివారు కాళ్ళూ చేతులూ ఎప్పుడు కదులుతాయని అడుగుతారు. ఫిజియోథెరపిస్టుగా నేను మాత్రం ముందు దగ్గమని అడుగుతాను.

అపోహ: ఛాతీకి దెబ్బ తగలలేదు కనుక ఊపిరితిత్తులకు భయం లేదు.

వాస్తవం: డయాఫ్రంను (ఊపిరితిత్తుల కింద ఉండి గాలిని లోపలికి పీల్చే ముఖ్య కండరాన్ని) ఆడించే నరం మెడలోని వెన్నుపాము 3, 4, 5 భాగాల నుంచి వస్తుంది కనుక, గాయం అంతకంటే కింద ఉంటే గాలి లోపలికి పోతుంది. దాన్ని ఒక్కసారిగా బయటికి నెట్టాల్సిన పొట్ట కండరాలకు, పక్కటెముకల మధ్య కండరాలకు నరాలు ఇంకా కింది నుంచి వస్తాయి, అవి పడిపోతాయి. మామూలు మనిషి దగ్గినప్పుడు గాలి బయటికి వచ్చే వేగం నిమిషానికి 360 లీటర్లకు పైనే ఉంటుంది. అది 160కి దిగితే తెమడ దాదాపు కదలదు, న్యుమోనియాకు దారి తీస్తుంది.

అపోహ: వీపు తడితే తెమడ వచ్చేస్తుంది.

వాస్తవం: తట్టడం వల్ల తెమడ వదులైతే కావచ్చు, బయటికి తెచ్చేది దగ్గే. పడిపోయిన పొట్ట కండరాల పని మన చేతులు చేయాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకు పైన, ఛాతీ ఎముక కొనకు తగలకుండా అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించి, అతను గుండెనిండా గాలి పీల్చి దగ్గబోయే క్షణంలోనే లోపలికీ పైకీ నెట్టాలి. క్షణం ముందైనా వెనకైనా ఫలితం ఉండదు. ‘నా బిడ్డ పొట్ట మీద నేనెట్ల నొక్కేది సార్’ అని వెనకాడిన తల్లులే వారం తిరక్కుండా నాకంటే చక్కగా చేయడం చూశాను. అయితే దీన్ని మా కళ్ళ ముందే నేర్చుకోవాలి. తిన్న వెంటనే చేయకూడదు. పక్కటెముక విరిగినా, పొట్టకు ఈమధ్యే ఆపరేషన్ అయినా, మెడ ఇంకా స్థిరపడకపోయినా డాక్టరు ఒప్పుకోనిదే చేయకూడదు.

అపోహ: కూర్చోబెడితే ఊపిరి బాగా ఆడుతుంది.

వాస్తవం: మెడ గాయమైనవారిలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. కూర్చుంటే పొట్ట ముందుకు జారి డయాఫ్రం కిందికి దిగిపోతుంది, దాని ఊపు తగ్గుతుంది. అందుకని కూర్చోబెట్టడం మానరాదు, పొట్టకు బెల్టు కట్టి కూర్చోబెట్టాలి.

అపోహ: మూత్రానికి గొట్టం ఉంది కనుక నీళ్ళు తగ్గించాలి.

వాస్తవం: మా ఎండల్లో అలా చేస్తే తెమడ బంకలా చిక్కబడుతుంది. ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునే అడగండి.