గట్టి కార్బన్ షాఫ్టే మంచిదా? సాంప్రదాయ విల్లు పట్టేవాళ్లలో అపోహలు - వాస్తవాలు

"అన్నా, 45 పౌండ్ల రికర్వ్ కొన్నాను. 400 స్పైన్ షాఫ్టులు డజను తెప్పించి 28 అంగుళాలకు కోయించేశాను. బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి. నా రిలీజ్‌లో తప్పెక్కడుందో వీడియో చూసి చెప్తారా?"

ఇలాంటి మెసేజ్ రాని వారం ఉండదు నాకు. (కొత్తవాళ్లకు: రికర్వ్ అంటే చివరలు ముందుకు వంగిన విల్లు, పౌండ్లు అంటే దాన్ని లాగడానికి పట్టే బలం, షాఫ్టు అంటే బాణం కడ్డీ, స్పైన్ అంటే ఆ కడ్డీ గట్టిదనం, రిలీజ్ అంటే తాడు వదిలే తీరు.) ఊళ్లు మారతాయి. హైదరాబాద్ కావచ్చు, విజయవాడ కావచ్చు, డల్లాస్‌లో వారాంతం క్లబ్బుకు వెళ్లే మనవాళ్లు కావచ్చు. కథ మాత్రం అదే. వీడియో చూస్తే చాలాసార్లు రిలీజ్‌కు వంక పెట్టడానికేమీ ఉండదు. బాణమే ఆ విల్లుకు సరిపోదు. సైట్ (గురి చూసే సాధనం) లేకుండా, వేళ్లతో లాగి, షెల్ఫ్ (విల్లులో బాణం ఆనే మెట్టు) మీద నుంచే వేసేవాళ్లకు బాణాలు కట్టి ట్యూన్ చేసిపెట్టడం నా పని. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, పోయినంత ధైర్యం మిగతావన్నీ కలిపినా పోవు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: విల్లు మీద రాసిన పౌండ్లు చూసి చార్టులో స్పైన్ తీసుకుంటే చాలు. అనుమానం ఉంటే ఒక మెట్టు గట్టిది కొనడమే సేఫ్.

సేఫ్ కాదు. సాంప్రదాయ విల్లులో మనవాళ్లు చేసే తప్పుల్లో చాలావరకు ఈ గట్టిదనం వైపే ఉంటాయి.

షాఫ్టు మీద కనిపించే 400, 500, 600 అంకెలు స్టాటిక్ స్పైన్. 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆనికల మీద షాఫ్టును పెట్టి, నడిమధ్యన 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే 500. అంకె పెరిగేకొద్దీ షాఫ్టు మెత్తన. ఈ కొలతకు మీ విల్లుతో గానీ మీ వేళ్లతో గానీ సంబంధమే లేదు. విల్లు నుంచి వెళ్లేటప్పుడు బాణం ఎంత వంగుతుందన్నది వేరే లెక్క. దాన్ని నిర్ణయించేవి షాఫ్టు పొడవు, పాయింట్ (బాణం మొన) బరువు, మీరు నిజంగా లాగే పౌండ్లు, రైజర్‌ను (విల్లు నడిమి పిడి భాగాన్ని) మధ్యకు ఎంతవరకు కోశారన్నది, తాడు రకం.

వేళ్ల నుంచి జారేటప్పుడు తాడు నేరుగా ముందుకు పోదు, కాస్త పక్కకు నెట్టుకుని పోతుంది. పైగా షెల్ఫ్ మీద బాణం విల్లు నడిరేఖకు అవతలగా కూర్చుంటుంది. కాబట్టి బాణం వంగి, రైజర్‌ను చుట్టుకుని, ముందుకు పోయాక సర్దుకోవాలి. వంగనంత గట్టిగా ఉంటే చుట్టుకోదు, పక్కకు తోసుకుపోతుంది. కుడిచేత్తో లాగేవాళ్లకు ఎడమకు, ఎడమచేత్తో లాగేవాళ్లకు కుడికి. కొట్టుకున్న చప్పుడు కూడా వినిపిస్తుంది, చెక్క మీద గోరుతో కొట్టినట్టు "టక్" మని.

మరి గట్టిది కొనమన్న సలహా ఎక్కడిది? చాలావరకు కాంపౌండ్ (చివర్లలో కప్పీలున్న విల్లు) వేసే మిత్రుల నుంచి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చాక మన దగ్గర విలువిద్య అంటే ముందు కాంపౌండే గుర్తొస్తోంది. సంతోషించాల్సిన విషయమే. వాళ్ల సలహా వాళ్ల విల్లుకు నూటికి నూరుపాళ్లు నిజం కూడా. కాంపౌండ్‌లో తాడును వదిలేది రిలీజ్ ఎయిడ్ అనే చేతి పరికరం, బాణం ఉండేది సెంటర్‌లో. పక్కకు వంగాల్సిన అవసరం దాదాపు ఉండదు. 55 పౌండ్ల కాంపౌండ్‌కు కుదిరిన షాఫ్టు మీ 55 పౌండ్ల లాంగ్‌బోకు (పొడవాటి సాదా విల్లుకు) కర్రముక్కే. కొన్ని కంపెనీల షాఫ్టుల మీద స్పైన్ బదులు పౌండ్లను పోలిన అంకెలు ఉంటాయి, 3555, 5575 అని. అవి వేట కాంపౌండ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. 3555 అంటే సుమారు 500 స్పైన్, 5575 అంటే 400. "నాది 55 పౌండ్లే కదా" అని 5575 కొని బాధపడేవాళ్లు ఎంతమందో.

ఇక పౌండ్ల సంగతి. విల్లు మీద రాసేది 28 అంగుళాల డ్రా (తాడు లాగే పొడవు) దగ్గరి బరువు. మీ డ్రా 26న్నర అయితే 45 పౌండ్ల విల్లు మీ చేతిలో 41, 42 పౌండ్ల విల్లే. అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో యాంకర్ (లాగిన చేయి ముఖం మీద ఆనే చోటు) దగ్గర నిజంగా 28 అంగుళాలు లాగేవాళ్లు తక్కువ. స్ప్రింగ్ త్రాసు తగిలించి మీ డ్రా దగ్గర ఎంత చూపిస్తుందో ఒకసారి కొలిచి రాసి పెట్టుకోండి. ఆ తర్వాతే చార్టు తెరవండి.

గుంటూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. 40 పౌండ్ల విల్లు, 340 షాఫ్టులు, అన్నీ పొట్టిగా కోసేసినవి. ఎవరో "ముందుముందు పౌండ్లు పెంచుతారు కదా, గట్టివే తీసుకోండి" అన్నారట. కొన్ని నెలలుగా ఎడమకే వేస్తూ, తన చూపు మీద అనుమానం వచ్చి కంటి డాక్టర్‌కు కూడా చూపించుకున్నారు. నేను ముందు విల్లునే చేతిలోకి తీసుకున్నాను. షెల్ఫ్ పక్కన అతికించిన తోలుముక్క మీద ఒకేచోట నున్నగా అరిగిన గీత, దాంట్లో నల్లటి మసి. ప్రతి బాణమూ అక్కడ రాసుకుంటూ వెళ్లింది. కోయని 600 షాఫ్టుకు 145 గ్రెయిన్స్ (సుమారు 9 గ్రాములు) పాయింట్ బిగించి ఇచ్చి, 12 మీటర్ల నుంచి వేయమన్నాను. మధ్యలో దిగింది. రెండోదీ దాని పక్కనే. ఆయన విల్లు దించి, "బాబూ, ఇది నేనే వేశానా?" అని అడిగారు. రిలీజ్ మారలేదు, ఆయన కళ్లూ మారలేదు. పెద్దమనిషి అన్నాళ్లు తనను తాను తిట్టుకుంటూ గడిపారన్నదే నన్ను బాధపెట్టింది. మీకూ అలాంటి అనుమానం ఉంటే ముందు తోలుముక్క చూడండి. తర్వాత మిమ్మల్ని మీరు అనుకోవచ్చు.

ఏం చేయాలో చెప్తాను. డజను కొనకండి. పక్కపక్క స్పైన్లలో రెండేసి షాఫ్టులు కొనండి. మధ్యకు పూర్తిగా కోయని షెల్ఫ్ అయితే నేను మొదలుపెట్టే చోటు ఇది: మీ డ్రా దగ్గర 35 పౌండ్లకు 600, 700. 40కి 600. 45కి 500. 50 దాటితే 500, 400 రెండూ పట్టి చూస్తాను. ఇవి ఆరంభం మాత్రమే. షాఫ్టులు పూర్తి పొడవులో ఉంచండి. 100 నుంచి 200 గ్రెయిన్స్ దాకా నాలుగైదు రకాల స్క్రూ పాయింట్లు దగ్గర పెట్టుకోండి.

నాకింగ్ పాయింట్ (తాడు మీద బాణం తొడిగే చోటు) ముందు సరిచేసుకోవాలి. పైకీ కిందకీ తోక ఊగుతుంటే పక్క తేడా చదవలేరు. అది కుదిరాక 12 నుంచి 15 మీటర్ల దూరంలో ఈకలున్న బాణాలు రెండు, ఈకల్లేని బేర్ షాఫ్ట్ ఒకటి వేయండి. కుడిచేతివాళ్లకు బేర్ షాఫ్ట్ ఎడమన దిగితే గట్టి, కుడిన దిగితే మెత్తన. గట్టిదైతే పాయింట్ బరువు పెంచండి. మెత్తనైతే పాయింట్ తగ్గించండి, లేదా వెనక నుంచి పావు అంగుళం కోసి మళ్లీ వేయండి. పావు అంగుళమే. ఒకేసారి రెండు అంగుళాలు కోసి నా దగ్గరికి తెస్తే నేనేం అతికించలేను.

ఇక్కడో చిక్కుంది. మరీ గట్టి షాఫ్టు తోక రైజర్‌కు కొట్టుకుని అవతలికి ఎగిరితే, మెత్తనగా ఉన్నట్టు కనిపిస్తుంది. పాయింట్ ఎంత మార్చినా ఫలితం పొంతన లేకుండా వస్తుంటే తోలుముక్క మీద లిప్‌స్టిక్ పూసి ఒక బాణం వేయండి. షాఫ్టు మీద, ఈక మీద ఎక్కడ ఎరుపు అంటిందో చూస్తే తెలిసిపోతుంది.

బొటనవేలితో లాగే గుర్రపు విల్లులవాళ్లు బాణాన్ని అవతలి వైపు పెడతారు కాబట్టి ఎడమ కుడి తిరగేసి చదువుకోవాలి.

అపోహ: బాణం ఎంత తేలికైతే అంత మంచిది.

వేగం వస్తుంది, నిజమే. బాణం తీసుకోగా మిగిలిన శక్తి ఎటు పోతుంది? లింబ్స్‌లోకి (విల్లు రెక్కల్లోకి), మీ మణికట్టులోకి. బాణం మొత్తం బరువు విల్లు పౌండుకు 8 గ్రెయిన్స్ కంటే తగ్గితే నేను కట్టను. 9, 10 అయితే విల్లు నెమ్మదిగా, చప్పుడు లేకుండా పనిచేస్తుంది. 45 పౌండ్లకు 9 చొప్పున 405 గ్రెయిన్స్, అంటే 26 గ్రాములు. మీ విల్లు చేసినాయన అంతకంటే ఎక్కువ చెప్తే ఆయన మాటే వినండి. పాత చెక్క విల్లులకు ఈ విషయం మరీ ముఖ్యం.

అపోహ: స్ట్రెయిట్‌నెస్ (షాఫ్టు ఎంత తిన్నగా ఉందో, అంగుళాల్లో తేడా) .001 ఉన్నవే కొనాలి.

వేళ్లతో, సైట్ లేకుండా 20 మీటర్లు వేసేవాళ్లకు .006 కూ .001 కూ తేడా దొరకదు. ఆ డబ్బుతో ఇంకో స్పైన్ కొని పరీక్షించండి.

అపోహ: కార్బన్ వంగదు కాబట్టి పాడవదు.

వంగదు, విరుగుతుంది. ఈ రెంటి మధ్య కంటికి కనిపించని పగులు ఒకటి ఉంటుంది. చెట్టుకో రాయికో తగిలిన బాణం, ఇంకో బాణం నాక్‌కు (తాడు తొడిగే తోక గాడికి) తగిలిన బాణం మళ్లీ తాడుకు తొడిగే ముందు పరీక్షించాల్సిందే. రెండు చివరలూ పట్టుకుని, ముఖానికి దూరంగా, చుట్టూ తిప్పుతూ కొద్దిగా వంచండి. చిటపట వినిపించినా, గోటికి పోగు తగిలినా, అది చెత్తబుట్టకే. పగిలిన షాఫ్టు వదిలిన క్షణంలో చీలితే ఆ చీలికలు విల్లు పట్టిన చేతిలోకే దిగుతాయి. కొత్తవాళ్లకు ఇది చెప్పేటప్పుడు భయపెడుతున్నానని అనుకోకండి. రోజూ పది సెకన్ల పని. షాఫ్టు ఖరీదు చూసి వెనకాడకండి.

అపోహ: కార్బన్ పట్టినవాడు సాంప్రదాయం వదిలేసినట్టే.

ఈ వాదనకు నాకు ఓపిక లేదు. పోటీకి వెళ్తున్నారా? నిబంధన చూసుకోండి. మన ఇండియన్ రౌండ్‌లో (దేశీ విల్లుల విభాగంలో) వెదురు, చెక్కలతో చేసిన విల్లూ బాణాలే. వరల్డ్ ఆర్చరీ లాంగ్‌బో విభాగంలో చెక్క బాణాలే. అక్కడ కార్బన్ నడవదు. ఇంటి వెనక వేసుకునేవాళ్లకు ఏ అడ్డూ లేదు. వానాకాలంలో చెక్క షాఫ్టు తేమకు వంకర పోతుంది, కార్బన్ పోదు.

అపోహ: ఈకల బదులు ప్లాస్టిక్ వేన్స్ (రెక్కలు) అయినా ఒకటే.

షెల్ఫ్ మీద నుంచి వేసేవాళ్లకు కాదు. ఈక షెల్ఫ్ తగలగానే ఒదిగిపోతుంది, ప్లాస్టిక్ తన్నుకుంటుంది. ఒక సెట్టులో కుడి రెక్క, ఎడమ రెక్క ఈకలు కలపకండి.

కోయడం, అతికించడం గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పైపు కట్టర్ వద్దు, పోగులు చిట్లుతాయి. వేగంగా తిరిగే అబ్రేసివ్ చక్రంతో కోయాలి. ఆ నల్లపొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, మాస్కు పెట్టుకోండి. పిల్లలు పక్కన ఉంటే పంపేయండి, పని అయ్యాక తడిగుడ్డతో తుడవండి. ఇన్సర్ట్ (పాయింట్ బిగించడానికి షాఫ్టు లోపల పెట్టే ముక్క) అంటించేటప్పుడు షాఫ్టును మంట మీద పెట్టకండి. వేడెక్కాల్సింది ఇన్సర్టూ, తక్కువ వేడికి కరిగే జిగురూ. షాఫ్టు వేడెక్కితే రెసిన్ చెడుతుంది. ఎపాక్సీ అయితే ఆ గొడవే లేదు, ఒక రాత్రి ఆరనిస్తే చాలు. కాకపోతే ఎపాక్సీతో అంటించింది మళ్లీ ఊడదీయడం కష్టం కాబట్టి, స్పైన్ పూర్తిగా కుదిరాకే దాన్ని వాడండి.