ముసుగు అదే, లోపల మనిషి వేరు: 1985లో పడ్డ ముడి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా నెత్తుటి సినిమాకు ఇంకో భాగం వస్తున్నదంటే ఒకటే పంచాయితీ. హంతకుణ్ణి మార్చి కొత్త కథ చెప్తే తప్పేంటని తీసేవాళ్లు అంటారు. మార్చేదుంటే పాత పేరెందుకు పెట్టారని చూసేవాళ్లు అడుగుతారు. ఆ పంచాయితీ ఇప్పుడు మళ్లీ లేచింది. "గా ముసుగోడే లేకుంటే సెకండ్ షోకు ఎందుకు పోవాలె" అన్నది ఒక పక్షం మాట. మొండిగా వినిపించినా, ఆ మాట వెనక నలభై ఏళ్ల లెక్క ఉంది.

1978లో 'హాలోవీన్', 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్' ఈ రకం సినిమాకు దారి వేసిన సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మొదటి 'ఫ్రైడే'లో చంపింది ఆ వరుసకు పేరు తెచ్చిన హంతకుడు జేసన్ కాదని, వాళ్లమ్మ అని కూడా అందరికీ తెలుసు. జేసన్ చేతికి హాకీ ముసుగు చిక్కింది మూడో భాగంలో, 1982లో. అసలు ముడి పడింది 1985లో, అయిదో భాగం దగ్గర.

అంతకు ముందు ఏడాది నాలుగో భాగానికి 'ఆఖరి అధ్యాయం' అని పేరు పెట్టి జేసన్‌ను చంపేశారు. అది అమెరికాలో దాదాపు 3.3 కోట్ల డాలర్లు తెచ్చింది. అంత డబ్బు చూశాక ఆఖరి అధ్యాయం ఆఖరిది ఎట్లా అవుతుంది? ఏడాది తిరక్కుండానే 'ఎ న్యూ బిగినింగ్' దించారు. పోస్టర్ మీద హాకీ ముసుగు, తెర మీద హాకీ ముసుగు, వరుసగా శవాలు. చివర్లో ముసుగు ఊడితే లోపలున్నది జేసన్ కాదు, రాయ్ అనే అంబులెన్స్ మనిషి. తన కొడుకును ఒకడు గొడ్డలితో నరికితే ఆ కోపాన్ని అందరి మీదా తీర్చుకున్నాడట. పరీక్షగా చూస్తే ఆనవాలు ముందే ఉంది: జేసన్ ముసుగు మీద ఎర్ర గుర్తులుంటాయి, రాయ్ ముసుగు మీదివి నీలివి. కానీ ఆ రాయ్ ముసుగు లేకుండా కనిపించేదే రెండు మూడు చోట్ల. చూసేవాడు అనుమానించడానికి కూడా ముఖం గుర్తుండాలి కదా. సెకండ్ షో జనం ముసుగు రంగులు పరీక్షించరు. వాళ్లకు అది పొడుపుకథలా కాక మోసంలా అనిపించింది.

అయినా అయిదో భాగం 2.2 కోట్లు తెచ్చుకుంది. నష్టం బయటపడింది ఆరోదానికి. 1986లో వచ్చిన 'జేసన్ లివ్స్' ఈ వరుసలో చాలామంది మెచ్చేది, తీరా వసూలు 1.9 కోట్లే. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. సీక్వెల్ మొదటి వారం టికెట్లు అంతకు ముందు సినిమా పేరు మీద తెగుతాయి. అది బాగుందా లేదా అన్నది రెండో వారంలో, ఆ తర్వాతి భాగం మొదటి వారంలో తేలుతుంది. అయిదోది చేసిన అప్పు ఆరోది కట్టింది.

తీసేవాళ్ల వాదనకూ ఒక పాత ఉదాహరణ ఉంది. 1982లో 'హాలోవీన్' మూడో భాగానికి ముసుగు హంతకుడు మైకేల్‌ను పూర్తిగా తీసేసి, ఏటా ఆ పండుగ మీద ఒక కొత్త కథ చెప్పాలనుకున్నారు. ఆలోచన చెడ్డది కాదు. ఆ సినిమాకు తర్వాతి కాలంలో అభిమానులూ పుట్టారు. కానీ రెండో భాగం 2.5 కోట్లు తెచ్చిన చోట ఇది 1.4 కోట్ల దగ్గర ఆగింది. ఆరేళ్ల తర్వాత నాలుగో భాగానికి మైకేల్‌ను వెనక్కి పిలిచి, అతని పేరు టైటిల్‌లోనే వేసుకోవాల్సి వచ్చింది.

మరి దిద్దుబాటు ఎట్లా జరిగింది? ఆరో 'ఫ్రైడే'లో మొదటి పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది. సమాధి తవ్వుతారు, శవంలో ఇనుప చువ్వ దిగుతుంది, చువ్వ మీద పిడుగు పడుతుంది, జేసన్ లేస్తాడు. ఇప్పటి నుంచి వీడు మనిషి కాదు, చావడు, గొలుసేసి చెరువు అడుగున కట్టేయడమే దారి అని సినిమా దాపరికం లేకుండా చెప్పేస్తుంది. మార్పు చేసింది, కానీ ముందే చెప్పి చేసింది. షరతు తెలిశాక జనం పిడుగునైనా ఒప్పుకుంటారు.

ముసుగు కింద మనిషిని మారుస్తూనే గెలిచిన వరుస కూడా ఉంది, 'స్క్రీమ్'. రెండో భాగం 1997 డిసెంబరులో, మొదటిది వచ్చి ఏడాది నిండకముందే వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద 17 కోట్ల డాలర్లకు పైగా, దాదాపు మొదటిదానితో సమానంగా తెచ్చింది. మొదలే సినిమా హాల్లో. ప్రేక్షకులందరికీ ఊరికే పంచిన ముసుగులే ఉంటాయి, ఒకమ్మాయి తెర ముందు నెత్తురోడుతూ నిలబడితే అది కూడా పబ్లిసిటీయే అనుకుంటారు. చివర బయటపడే ఇద్దరిలో ఒకామె విలేకరి వేషంలో సినిమా పొడుగునా మన కళ్ల ముందే తిరుగుతుంది. ఆమె పగ మొదటి భాగంలో చచ్చిన కొడుకు కోసం. అక్కడ లోపలి మనిషి మారడమే మొదటి నుంచీ ఒప్పందం. రాయ్‌కు లేనివీ ఆమెకు ఉన్నవీ రెండే: కనిపించిన సీన్లు, పాత కథతో చుట్టరికం. ఫోన్లో బెదిరించే గొంతు మాత్రం అన్ని భాగాల్లోనూ రోజర్ ఎల్. జాక్సన్‌దే. లోపల ఎవరున్నా జనం గుర్తుపట్టేది ఆ గొంతునే. తెలుగు డబ్బింగ్‌లో అట్లాంటి గొంతును భాగానికొకరితో చెప్పిస్తే ఉన్న ఒక్క దారం కూడా తెగుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2022లో ఆహాలో వచ్చిన 'ఓదెల రైల్వే స్టేషన్' దాదాపు ఈ రకం కథే. కొత్త పెళ్లికూతుళ్లను చంపే తిరుపతి ఊళ్లో అందరూ రోజూ చూసే మనిషి. భయమంతా అందులోనే ఉంది. చివరికి భార్య రాధే అతని తల నరుకుతుంది. 2025 ఏప్రిల్‌లో థియేటర్లకు వచ్చిన 'ఓదెల 2'లో చచ్చిన తిరుపతి ఆత్మగా తిరిగొస్తాడు, ఎదురుగా నాగసాధువు భైరవిగా తమన్నా. ఆత్మగా రావడంలో తప్పులేదు, జేసన్ కూడా అట్లాగే వచ్చాడు. చిక్కు భైరవితో వచ్చింది. తరిమేవాడి కంటే తరిమించుకునేవాళ్లు బలహీనంగా ఉన్నంతసేపే ఈ రకం సినిమా నడుస్తుంది. దైవబలం ఉన్న మనిషి బరిలో దిగిందంటే ఎవరు గెలుస్తారో పల్లెలో పిల్లవాడు కూడా చెప్తాడు. అది భక్తి సినిమాకు బలం, దీనికి బరువు. బాక్సాఫీసు దగ్గర సినిమా నిలబడలేదు.

పిల్లలకు కలలో శక్తులిచ్చిన 1987 నాటి 'నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' మూడో భాగం మరి దాదాపు 4.5 కోట్ల డాలర్లు ఎట్లా తెచ్చిందని అడగొచ్చు. అక్కడ శక్తి ఉన్నవాళ్లు కూడా చస్తారు. మంత్రగాడినని నిలబడ్డ కుర్రాడిని కలల్లోకొచ్చి చంపే ఫ్రెడ్డీ ఎత్తి పొడిచేస్తాడు.

'మా ఊరి పొలిమేర' దీనికి తిరగబడ్డ ఉదాహరణ. మొదటిది 2021 డిసెంబరులో ఓటీటీలో, రెండోది 2023 నవంబరు 3న థియేటర్లలో. ఇది చేతబడి కథ, కత్తి పట్టిన ముసుగు మనిషి లేడు, కానీ సీక్వెల్ లెక్క ఇదే. మొదటి భాగం చివర వేసిన ముడి దగ్గరే రెండోది మొదలవుతుంది: కథానాయకుడు కొమిరి సంగతేంటి, ఆ అన్న కోసం తమ్ముడు జంగయ్య వెతుకులాట. అవే ముఖాలు, అదే యాస, ఆ ఊరే. ఫోన్లో చూసినవాళ్లందరూ మొదటి మూడు రోజుల జనమయ్యారు, ముడి విప్పిన తీరు నచ్చి రెండో వారం నడిచింది.

బడ్జెట్ పెంచితే, స్టార్‌ను పెడితే చాలన్న మాటను ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. 'టెర్రిఫయర్' మూడో భాగం దాదాపు 20 లక్షల డాలర్లతో తీసి 2024లో 9 కోట్ల దాకా తెచ్చింది, పేరున్న తార లేకుండానే. మొదటి భాగంలో చచ్చేవాళ్ల మీద ఎవరికీ జాలి కలగలేదని విమర్శ వస్తే దర్శకుడు రెండో భాగంలో సియెన్నా అనే అమ్మాయిని నిలబెట్టాడు. ఆమె బతకాలని జనం కోరుకున్నారు, మిగిలింది హంతకుడైన విదూషకుడు చూసుకున్నాడు.

రెండో వారం లెక్క ఇప్పుడు హాలు యజమానికీ తగులుతున్నది. అద్దె పద్ధతిలో సినిమా ఆడినా ఆడకున్నా హాలుకు వచ్చేది వస్తుంది. పర్సంటేజీ, అంటే వసూళ్లలో వాటా, అయితే ఖాళీ సీట్లు హాలువాళ్లనూ సినిమావాళ్లనూ కొడతాయి. 2025 మేలో అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని, లేకుంటే జూన్ 1 నుంచి మూసేస్తామని తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అన్నారు. తర్వాత ఆ బంద్ ఆగింది. పర్సంటేజీ కోరేవాళ్లు రెండో వారం గురించి అడగడం న్యాయమే. 2022లో 'హాలోవీన్ ఎండ్స్' మైకేల్‌ను పక్కన పెట్టి కోరీ అనే కుర్రాడి వెంట నడిచింది. మొదటి వారాంతం 4 కోట్ల డాలర్లు, రెండోది 80 లక్షలు. అదే రోజు ఓటీటీలోనూ వచ్చిందన్న సాకు పూర్తిగా నిలవదు, అంతకు ముందరి 'హాలోవీన్ కిల్స్' కూడా అట్లాగే వచ్చింది. దాని పతనం ఇంత లేదు.

పాత భాగాలు చూడనివాళ్లను కూర్చోబెట్టడం ఇంకో పని. 14 ఏళ్ల విరామం తర్వాత 2025లో వచ్చిన 'ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్' ఆ పని తేలిగ్గా చేసింది. 1968 నాటి గోపురం కూలే సీనుతోనే చావు ఎవరిని ఏ వరుసలో తీసుకుంటుందో అర్థమైపోతుంది, మొదటి అయిదు భాగాల సారాంశం ఎవరూ చెప్పనక్కర్లేదు.

మంచి సీక్వెల్‌ను కూడా మన హాళ్లలో చెడగొట్టేవి రెండున్నాయి. ఇంగ్లిష్ సినిమాలో విశ్రాంతి చోటు ఉండదు. గంటన్నర సినిమాను సగంలో ఆపితే ఆ కోత వెంటాడే సీను మధ్యలో పడొచ్చు. మెట్ల మీద అడుగుల చప్పుడు పెరుగుతుంటే లైట్లు వెలిగాయంటే మళ్లీ భయపెట్టడానికి పది నిమిషాలు పోతాయి. అడుగులు ఆగిన చోట కాక, శవం దొరికిన వెంటనే ఆపాలి. రెండోది ప్రొజెక్టర్ ల్యాంపు. తెర మీద వెలుగు 14 ఫుట్ లాంబర్ట్‌లు (తెర వెలుగు కొలత) ఉండాలన్నది ప్రమాణం. గంటలు గడిచినకొద్దీ జెనాన్ ల్యాంపు మసకబారుతుంది. పాటల సినిమాలో అది తెలియదు, రాత్రి అడవి సీనులో ముసుగూ చెట్టూ ఒకటే నలుపు అవుతాయి. ఎరుపు, నీలం గుర్తులు సరే, హంతకుడే కనపడడు.

'పొలిమేర' మూడో భాగం ప్రకటన ఇప్పటికే వచ్చింది. దాని మొదటి మూడు రోజుల టికెట్లు రెండో భాగం చివరి పది నిమిషాల మీద తెగుతాయి.