ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) సర్క్యూట్‌లో కెపాసిటర్ మార్చేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాతదాని మీద 471, కొత్తదాని మీదా 471. వోల్టేజీ కూడా సరిపోయింది. ఇక వేసేయొచ్చు.

వాస్తవం: 471 అంటే 470 పికోఫారాడ్లు, అంతే. లోపల ఏ డైఎలక్ట్రిక్ (పలకల మధ్య ఉండే ఇన్సులేటర్) ఉందో ఆ అంకె చెప్పదు. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ లో-పాస్ ఫిల్టర్ చివర, 50 ఓమ్‌ల లైన్ నుంచి గ్రౌండ్‌కు వేసిన 470 పికోఫారాడ్ల కెపాసిటర్‌లో 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు ఒకటిన్నర ఆంపియర్లు పారతాయి. ఎక్స్7ఆర్ అనే సిరామిక్ రకంలో లాస్ (వేడిగా పోయే భాగం) 2.5 శాతం దాకా ఉండొచ్చు. అంటే రెండున్నర వాట్లు ఆ చిన్న బిళ్లలోనే వేడిగా మారతాయి. లాస్ 0.1 శాతం ఉన్న ఎన్‌పీ0 (వేడికి విలువ దాదాపు మారని సిరామిక్ రకం) వేస్తే ఆ వేడి 0.1 వాట్‌కు తగ్గుతుంది. 500 వోల్టుల రేటింగ్ ఉన్నా ఈ వేడి తప్పదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, విలువతో పాటు రకం కూడా అడగండి.

అపోహ: అయితే అన్నిచోట్లా ఎన్‌పీ0 వేస్తే సరి.

వాస్తవం: చాలాచోట్ల సరే. వీఎఫ్‌ఓలో (ఫ్రీక్వెన్సీని మార్చుకోగలిగే ఆసిలేటర్‌లో) మాత్రం ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ హామ్ రేడియో సెట్‌ను అనలాగ్ వీఎఫ్‌ఓతో కట్టినవాళ్లకు డ్రిఫ్ట్ (ఫ్రీక్వెన్సీ దానంతటదే జరిగిపోవడం) తలనొప్పి బాగా తెలుసు. 5 మెగాహెర్ట్జ్ ట్యాంక్‌లో (కాయిల్-కెపాసిటర్ జంటలో) కెపాసిటెన్స్ 1 శాతం మారితే ఫ్రీక్వెన్సీ 25 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఎస్‌ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో) 100 హెర్ట్జ్ జరిగినా అవతలివాళ్ల గొంతు మారిపోతుంది.

కాయిల్ వేడెక్కితే ఇండక్టెన్స్ సాధారణంగా పెరుగుతుంది. పాత డిజైన్లలో పాలిస్టైరీన్ కెపాసిటర్ డిగ్రీకి సుమారు 120-150 పీపీఎం (పది లక్షల్లో వంతులు) తగ్గుతూ దాన్ని సర్దేది. దాన్ని తీసి, డిగ్రీకి 30 పీపీఎం కూడా మారని ఎన్‌పీ0 పెడితే ఆ సర్దుబాటు పోతుంది. కెపాసిటర్ కదలదు, సెట్ కదులుతుంది! కాబట్టి పాలిస్టైరీన్ దొరికితే అదే వేయండి. కాలును ట్వీజర్‌తో పట్టుకుని సోల్డర్ చేయండి, పాలిస్టైరీన్ 85 డిగ్రీలకు మించి తట్టుకోదు. దొరక్కపోతే ఎక్కువ భాగం ఎన్‌పీ0, కొంత ఎన్750 (డిగ్రీకి 750 పీపీఎం తగ్గే రకం) కలిపి, సెట్‌ను వేడెక్కనిచ్చి, ఏ వైపు జరుగుతోందో చూస్తూ పాళ్లు మార్చండి. బిళ్ల నెత్తిన నల్ల గుర్తుంటే ఎన్‌పీ0, ఊదా గుర్తుంటే ఎన్750. ఓపిక పట్టాల్సిన పని, కానీ దగ్గరిదారి లేదు.

అపోహ: బైపాస్‌కు (సప్లై లైన్‌లోని ఆర్‌ఎఫ్‌ను గ్రౌండ్‌కు మళ్లించడానికి) 0.1 మైక్రోఫారాడ్ ఎక్కడైనా పనికొస్తుంది.

వాస్తవం: కెపాసిటర్ కాలు మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్. రెండు కాళ్లూ కలిపి 10 మిల్లీమీటర్లు వదిలితే 5 మెగాహెర్ట్జ్ దగ్గరే రెజొనెన్స్ వస్తుంది, ఆపైన అది కాయిల్ కిందే లెక్క. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కాళ్లే 9 ఓమ్‌లు. అక్కడ 1 నానోఫారాడ్ చిప్ వేయండి. బైపాస్ పనికి ఎక్స్7ఆర్ అయినా ఇబ్బంది లేదు.

అపోహ: సిల్వర్ మైకా ఎప్పటికీ పాడవదు.

వాస్తవం: విడిగా వచ్చే మైకా చాలా నమ్మకమైనదే. పాత వాల్వ్ రేడియోల్లో మాత్రం, కొన్ని 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్ల అడుగున ఇమిడ్చిన మైకా పలకల మీద, డీసీ వోల్టేజీ వల్ల వెండి మెల్లగా పాకుతుంది. స్పీకర్‌లో చిటపటలు మొదలవుతాయి. ఆ పలక తీసేసి, బయట కొత్త మైకా కెపాసిటర్లు కట్టి, ఐఎఫ్ మళ్లీ ట్యూన్ చేయాలి.