సిలికాన్ ట్యూబు పక్కన పెట్టండి

మాంబలం, చెన్నై

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ చెప్పిన ఉపాయం విని నాయనమ్మ మురిసిపోయింది. మన పాత కారు హెరాల్డ్ ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసేస్తే వాన నీళ్లు లోపలికి రావు, సంక్రాంతికి వచ్చినప్పుడు అరగంటలో పూర్తి చేసేద్దాం, ట్యూబు కూడా కొనేశాం అన్నారు. సరిగ్గా ఈ తెలివే 2005లో నాకూ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు ఆఖరున వానలు చెన్నైని ముంచెత్తితే, వాన వెలిసిన పూట చూసి నేనూ ఒక ట్యూబు పట్టుకుని బయలుదేరాను. తర్వాత జరిగింది చెబుతాను, వినండి.

మన హెరాల్డ్ ఈ ఊరి బిడ్డే. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారును 1961 నుంచి ఇక్కడే, వండలూరు వైపు, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారు చేశారు. మనది 1967 నాటిది. బానెట్టూ రెండు మడ్‌గార్డులూ ఒకే ముక్కగా ముందుకు లేస్తుంటే మొసలి నోరు తెరిచిందని చిన్నప్పుడు మీరు నా వెనక దాక్కునేవారు. ఇంత వయసొచ్చిన ఏ కారుకైనా అద్దం రబ్బరు నీళ్లు ఆపడం మానేస్తుంది. అది బండి తప్పు కాదు.

ఆ రబ్బరుకు రెండు వైపులా రెండు గాళ్లు ఉంటాయి. ఒక గాడిలో అద్దం అంచు, రెండో గాడిలో రేకు అంచు కూర్చుంటాయి. అద్దాన్ని పట్టి ఉంచే స్క్రూ ఒక్కటీ ఉండదు, అంతా ఆ రబ్బరు బిగువే. ఎండకూ గాలిలోని ఓజోనుకూ రబ్బరు గట్టిపడి, కుదించుకుపోయి, మూలల దగ్గర పట్టు వదులుతుంది. వెంట్రుకవాసి సందు చాలు, దీపం వత్తి నూనెను లాగినట్టు అది నీటిని లోపలికి లాగేస్తుంది. రబ్బరు వెనక చేరిన నీటికి అక్కడొక కాలువ దొరుకుతుంది.

అందుకే నీళ్లు దూరే చోటు ఒకటి, కనిపించే చోటు మరొకటి. మన మిద్దె గుర్తుందా? చెమ్మ పూజగది గోడ మీద, పగులు వంటింటి పైన. కారులోనూ అంతే. మన షెడ్డు నేల ఎడమకు వాలి ఉంటుంది కనుక, పైన కుడి మూలలో దూరిన నీళ్లు అంచు వెంబడే జారి, ఎడమ వైపు డాష్‌బోర్డు కింది నుంచి సరిగ్గా నాయనమ్మ పాదాల మీద పడేవి. నేనేమో తడిసిన చోటుకు దగ్గరలో ఉన్న ఎడమ మూలనే దట్టంగా పూశాను!

పూసిన సిలికాన్ రెండో తప్పు కూడా చేసింది. లోపల చేరిన నీళ్లు బయటికి జారే దారిని మూసేసింది. అదీ గాక, నేను కొన్న రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ట్యూబు తెరవగానే ఘాటుగా వెనిగర్ వాసన వస్తే అదే రకమని గుర్తు. పెయింటు లేచిపోయిన ఇనుప రేకుకు అది పడదు. రెండు వానాకాలాలు గడిచాక అద్దం తీయించి చూస్తే, రేకు అంచు తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. వేలుతో నొక్కితే పొర ఊడి చేతిలోకి వచ్చింది. టింకరింగ్ మేస్త్రీ నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా జానెడు ముక్క కత్తిరించి కొత్త రేకు వెల్డింగ్ చేశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

అప్పుడు వేసిన రబ్బరుకు ఇప్పుడు కాలం చెల్లింది. కాబట్టి ఈసారి ముందు దొంగను పట్టుకుందాం. ఒకరు లోపల టార్చితో, నేల మీద పొడి వార్తాపత్రికలు పరిచి కూర్చోవాలి. ఇంకొకరు బయట గొట్టంతో సన్నగా నీళ్లు వదలాలి. ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా పారి, ఎక్కడ దూరిందో తెలియకుండా పోతుంది. వైపర్ల ఇరుసుల దగ్గర చిన్న రబ్బరు వాషర్లు ఉంటాయి, వాటిని ముందే తడిపి చూడాలి. తీరా దొంగ అక్కడే ఉంటే అద్దం జోలికే వెళ్లక్కర్లేదు.

అద్దం తీయాల్సి వస్తే పాత రబ్బరు మీద జాలి వద్దు. బయటి అంచును కత్తితో కోసేస్తే అద్దం సులువుగా వస్తుంది. పాతదాన్ని కాపాడాలని లోపలి నుంచి తన్నిన వాళ్ల అద్దాలు పగిలాయి. కోసిన ముక్క ఒకటి జేబులో వేసుకుని కారు విడిభాగాలు అమ్మే పుదుపేటకో, జనరల్ ప్యాటర్స్ రోడ్డుకో వెళ్లి దాని పక్కన పెట్టి గాళ్ల లోతు సరిచూసుకోవాలి. గిడ్డంగిలో ఏళ్ల తరబడి పడున్న సరుకైతే కొత్తదని చెప్పినా నమ్మకండి. వేళ్ల మధ్య మడిచి చూడండి, వంపు మీద సన్నని గీతలు తేలితే వదిలేయండి. దొరికితే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు మంచిది, ఎండకు బాగా ఓర్చుకుంటుంది. రేకు అంచును వైర్ బ్రష్షుతో మెరిసేదాకా గీకి, ప్రైమరు, పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. నాకు ఓపిక చాలని మెట్టు ఇదే, మీరు కాపలా ఉండండి.

ఇక మీకు నచ్చే భాగం. కొత్త రబ్బరును కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. దాన్ని అద్దం చుట్టూ తొడిగి, అతుకు కింది అంచు మధ్యలోకి వచ్చేలా చూస్తాం. రేకు కూర్చోవాల్సిన గాడిలో నున్నని నైలాన్ తాడు చుట్టూ పరిచి, కింద మధ్యలో కొసలు రెండూ ఒకదాన్నొకటి జానెడు దాటేలా లోపలికి వేలాడదీస్తాం. సబ్బు నీళ్లు ధారాళంగా పూస్తాం. గ్రీజు, ఇంజను నూనె మాత్రం తాకనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. బయటి నుంచి నేను అరచేతులతో అద్దాన్ని మెల్లగా అదుముతుంటే, లోపల మీరు తాడును కారు మధ్య వైపుకు లాగాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి అంగుళం అంగుళంగా లేచి రేకు అంచు మీదకు ఎక్కి, 'టప్'మని కూర్చుంటుంది. ఆ చప్పుడు వినడానికి ఈ పనంతా చేయవచ్చు. మూలల దగ్గర తాడు మొరాయిస్తుంది. అప్పుడు గట్టిగా లాగితే పెదవి చిరుగుతుంది, కనుక ఆగి, నేను అక్కడ తట్టాక లాగండి.

చివరగా పెదవి కింద మ్యాస్టిక్ అనే, సందులు పూడ్చే గట్టిపడని నల్ల ముద్దను సన్నగా ఎక్కించి, మిగిలింది తుడిచేస్తాం. మళ్లీ గొట్టం పెట్టి చూస్తాం. ఈసారి లోపల కూర్చునేది నేనే. వార్తాపత్రిక తడిస్తే ముందు నాకే తెలియాలి.

వచ్చేటప్పుడు అయిదు మిల్లీమీటర్ల నైలాన్ తాడు ఆరు మీటర్లు, మందపాటి చేతి తొడుగులు తీసుకురండి. ఆ సిలికాన్ ట్యూబు కూడా తెండి. వంటింటి సింకు పక్కన సందు పడింది, నాయనమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతోంది.

మీ తాతయ్య