సీసాలో ముసలితనం: సెనోలిటిక్ మందుల వెనుక కథ

ఒంట్లో పేరుకుపోయిన ముసలి కణాలను (విభజన ఆగిపోయినా చావని కణాలను) మందులతో చంపేస్తే వృద్ధాప్యపు జబ్బులు తగ్గుతాయా? సెనోలిటిక్స్ పేరుతో జరుగుతున్న పరిశోధనంతా ఈ ప్రశ్న చుట్టూనే. ఎలుకల్లో జవాబు గట్టిగా అవుననే వచ్చింది, మనుషుల్లో అంత గట్టిగా రాలేదు. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే, కణాలకు ముసలితనమే లేదని శాస్త్రవేత్తలు నమ్మిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

1912లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కేరెల్ కోడిపిండం గుండె ముక్కను గాజుపాత్రలో పెంచడం మొదలుపెట్టారు. ఆ కల్చర్ 1946 దాకా నడిచింది. దాంతో, పోషణ సరిగ్గా ఉంటే కణానికి చావు లేదన్న మాట స్థిరపడిపోయింది. పోషకంగా పోస్తూ వచ్చిన పిండరసంలోంచే కొత్త కణాలు అందులో చేరుతూ ఉండి ఉంటాయన్న వివరణ చాలా ఏళ్లకు గానీ రాలేదు.

1961లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మానవ పిండాల కణజాలాన్ని కట్టిపట్టి ఉంచే కణాలైన ఫైబ్రోబ్లాస్ట్‌లను పెంచారు. సీసా నిండగానే కణాలను విడదీసి రెండు సీసాల్లోకి పంచేవారు. అలా పంచిన ప్రతిసారీ ఒక రెట్టింపు కింద లెక్క. సుమారు 50 రెట్టింపుల తర్వాత విభజన ఆగిపోయింది. కణాలు చావలేదు, పెరగనూ లేదు. ద్రవంలో లోపమో, వైరస్సో కారణం కావచ్చు కదా అన్న అనుమానం సహజంగానే వస్తుంది. దానికి వాళ్లిచ్చిన సమాధానం ఈ రంగంలోకెల్లా అందమైన ప్రయోగం అనిపిస్తుంది. 40 రెట్టింపులు దాటిన పురుష కణాలనూ, 10 రెట్టింపులే అయిన స్త్రీ కణాలనూ ఒకే సీసాలో కలిపారు. పురుష కణాలను మాత్రమే పోలిక కోసం ఇంకో సీసాలో ఉంచారు. ఆ పోలిక సీసాలో విభజన ఆగిన నాటికి కలిపిన సీసాలోని క్రోమోజోములు చూస్తే స్త్రీ కణాలే కనబడ్డాయి. ఒకే సీసా, ఒకే ద్రవం. కాబట్టి గడువు కణం లోపలే ఉందని తేలింది.

ఆ గడువును లెక్కపెట్టేది క్రోమోజోముల కొసల్లోని టీలోమియర్లు. విభజన జరిగిన కొద్దీ అవి పొట్టివవుతాయని 1990లో చూపించారు. వాటిని తిరిగి పొడిగించే టీలోమరేజ్ ఎంజైమును ఎక్కిస్తే మామూలు కణాలు గడువు దాటి విభజన చెందుతాయని 1998లో నిరూపించారు.

అయితే ఒంట్లో ముసలి కణాన్ని గుర్తుపట్టేదెలా? 1995లో జుడిత్ కాంపిసి బృందం ఒక రంగు పరీక్ష ఇచ్చింది. కణాలను కొద్ది నిమిషాలు రసాయనంతో స్థిరపరిచి (ఫిక్స్ చేసి), ఆమ్లతను చూపే పీహెచ్‌ను 6.0 దగ్గర నిలిపే బఫర్ ద్రవంలో కలిపిన ఎక్స్‌-గాల్ అనే రసాయనంతో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే ముసలి కణాలు నీలంగా మారతాయి. తప్పు జరిగేది కూడా ఇక్కడే. అలవాటుగా కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెడితే పీహెచ్ పడిపోయి, కుర్ర కణాలూ నీలమెక్కుతాయి. కణాలు కిక్కిరిసిన పాత్రలోనూ అబద్ధపు నీలం వస్తుంది. అందుకే విభజనను ఆపే పీ16 ప్రోటీను లాంటి మరో గుర్తునూ కలిపి చూస్తారు. అదీ అన్నిచోట్లా నమ్మదగింది కాదు.

2008 నాటికి ఇంకో సంగతి బయటపడింది. ఈ కణాలు ఊరికే కూర్చోవు. ఐఎల్‌-6, ఐఎల్‌-8 వంటి వాపు కలిగించే పదార్థాలనూ, కణజాలాన్ని కోసే ఎంజైములనూ వెదజల్లుతూ ఇరుగుపొరుగు కణాలను పాడుచేస్తాయి. అలాంటప్పుడు వాటిని తీసేస్తే పోతుంది కదా! 2011లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం, పీ16 తయారయ్యే కణాలు ఒక మందు తగలగానే తమను తామే చంపుకునేలా ఎలుకల జన్యువులను మార్చింది. త్వరగా ముసలయ్యే ఆ ఎలుకల్లో కండ, కొవ్వు, కంటి దెబ్బతినడం ఆలస్యమైంది. 2016లో అదే జన్యుమార్పు ఉండి, మామూలుగా వయసు మీరే ఎలుకలకు ఏడాది వయసు నుంచి వారానికి రెండుసార్లు ఆ మందు ఇస్తే మధ్యస్థ ఆయుష్షు సుమారు పావువంతు పెరిగింది.

మనుషుల జన్యువులను అలా మార్చలేం, మందే కావాలి. ముసలి కణాలు చావును తప్పించుకునే దారులను మూసే జంటగా 2015లో డాసాటినిబ్, క్వెర్సెటిన్ ముందుకొచ్చాయి. రెండోది మొక్కల్లో దొరికే పదార్థం, మొదటిది రక్త క్యాన్సర్ మందు. ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం దాని దుష్ఫలితాలు. ఇంట్లో సొంతంగా వాడి చూసే సరుకు కాదు. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్న 14 మందికి మూడు వారాల పాటు, వారానికి మూడు రోజుల చొప్పున డాసాటినిబ్ 100 మిల్లీగ్రాములు, క్వెర్సెటిన్ 1250 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆరు నిమిషాల్లో నడిచే దూరం పెరిగింది. కానీ పోల్చి చూడటానికి ప్లాసిబో (అసలు మందు లేని ఉత్తి మందు) ఇచ్చిన గుంపు లేదు. నడక పరీక్ష రెండోసారి చేస్తే అలవాటుతోనూ, ఉత్సాహంతోనూ దూరం పెరగవచ్చు.

2020లో యూనిటీ బయోటెక్నాలజీ కంపెనీ మోకాలి అరుగుదల ఉన్న 183 మందిపై, ముసలి కణాలను చంపేందుకు తయారుచేసిన యూబీఎక్స్‌0101 ఇంజెక్షన్‌ను ప్లాసిబోతో పోల్చింది. 12 వారాలకు నొప్పిలో తేడా లేదు. అదే ఏడాది ఎలుకల కాలేయంలో పీ16 ఎక్కువగా ఉన్న రక్తనాళ కణాలను తొలగిస్తే కాలేయం గట్టిపడిందని తేలింది. గాయం మానడానికీ ఈ కణాలు కావాలని 2014లోనే తెలుసు. అంటే అన్నింటినీ ఒకే గాటన కట్టి చంపడం సరికాదు.

2024లో వెలువడిన ట్రయల్‌లో, మెనోపాజ్ దాటిన 60 మంది స్త్రీలలో సగం మందికి డాసాటినిబ్, క్వెర్సెటిన్ విడతలుగా ఇచ్చారు. ఎముక కరుగుదల సూచిక 20 వారాలకు తగ్గలేదు. రక్తంలోని టీ కణాల్లో (రోగనిరోధక కణాల్లో) పీ16 బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం కొంత మెరుగు కనబడింది. తర్వాతి ట్రయల్‌కు మనుషులను వయసు చూసి ఎంచాలా, ఈ పీ16 పరీక్ష చూసి ఎంచాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి.