ఫిల్టర్ డబ్బా పీకేస్తే పికప్ వస్తుందా? పాత బళ్ల గాలి గురించి అపోహలు - వాస్తవాలు

"అన్నా, డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టెయ్. పొల్యూషన్ సంగతి తర్వాత చూసుకుందాం."

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత బళ్లు తెచ్చే కుర్రాళ్ల మాట ఇది. డబ్బా అంటే ఇంజిన్‌కి పోయే గాలిని వడగట్టే కంపెనీ ఫిల్టర్ పెట్టె. కోన్ అంటే దాని బదులు బయటికి కనపడేలా తగిలించే గరాటు ఆకారపు ఫిల్టర్. ఆ తర్వాత చూసుకునేదేదో ముందే చూసుకుంటే డబ్బు మిగులుతుంది. ఇరవై రెండేళ్లుగా కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపేవి) విప్పుతున్నాను. రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని చెబుతా.

అపోహ: గాలి ఎంత ఎక్కువ పోతే బండి అంత లాగుతుంది.

వాస్తవం: కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క కుదిరేలా, ఆ డబ్బా ఉందనుకునే కంపెనీవాళ్లు జెట్ల (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల) సైజులు పెట్టారు. డబ్బా తీసేశారా, గాలి పెరుగుతుంది గానీ పెట్రోలు దానికి తగ్గట్టు పెరగదు. ప్లగ్ విప్పితే కొన తెల్లగా కనిపిస్తుంది. యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్లో టపటపమంటుంది. మా ఊరి మే నెల ఎండల్లో హెడ్ కాలిపోతుంది. యమహా ఆర్ఎక్స్ లాంటి టూస్ట్రోక్ అయితే పిస్టన్ పట్టేసినా పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ వచ్చి "మెయిన్ జెట్ పెద్దది వెయ్యన్నా" అంటారు. ఉజ్జాయింపుగా వేసిన జెట్టుతో ఈసారి పెట్రోలు ఎక్కువై, మైలేజీ పడిపోతుంది, ప్లగ్ నల్లబడుతుంది.

మరి పికప్ పెరిగినట్టు ఎందుకనిపిస్తుంది? ఇంజిన్ గాలి పీల్చే చప్పుడుని ఆ డబ్బాయే అణిచి పెడుతుంది. అది పోయాక వచ్చే బుసకొట్టే శబ్దమే సగం పికప్.

అపోహ: కోన్ ఫిల్టర్ పెడితే పొల్యూషన్ టెస్టులో ఫెయిలే.

వాస్తవం: ఇది సగమే నిజం. ఆ మిగతా సగం చాలామంది మెకానిక్కులకీ తెలియదు.

కార్బురేటర్ బళ్లకి టెస్టు స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ ఊరికే తిరుగుతుండగా చేస్తారు. స్లోలో థ్రాటిల్ (గాలిని అదుపు చేసే తలుపు) దాదాపు మూసుకునే ఉంటుంది, పోయే గాలే కొంచెం. అప్పుడు పని చేసేది స్లోకి పెట్రోలిచ్చే పైలట్ జెట్టూ, గాలీ పెట్రోలూ పాళ్లు సర్దే పక్కనున్న స్క్రూ. ముందు ఏ ఫిల్టర్ ఉందన్నది అక్కడ పెద్దగా తేడా చూపదు.

దెబ్బ కొట్టేది వేరే ఉంది. బీఎస్-3 (భారత్ స్టేజ్-3 కాలుష్య ప్రమాణాల) కాలం నాటి చాలా ఫోర్‌స్ట్రోక్ బళ్లలో ఫిల్టర్ డబ్బా నుంచి సన్న రబ్బరు గొట్టం ఒకటి ఇంజిన్ హెడ్ వైపు పోతుంది. మధ్యలో చిన్న వాల్వు. శుభ్రమైన గాలిని అది నేరుగా ఎగ్జాస్ట్ పోర్టులోకి, అంటే పొగ బయటికెళ్లే దారిలోకి పంపుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడిలో ఈ గాలితో కలిసి అక్కడే కాలతాయి. డబ్బా పోతే ఆ గొట్టానికి దిక్కుండదు.

మొన్న ఒక తమ్ముడు 150 సీసీ బండి తెచ్చాడు. మూడు చోట్ల టెస్టు ఫెయిల్. ఎక్కడో కోన్ ఫిల్టర్ పెట్టించుకున్నాడు, ఆ పెట్టినాయన గొట్టంలో బోల్టు కుక్కి క్లిప్పు బిగించేశాడు. పని మాత్రం ఎంత శుభ్రంగా చేశాడో! బోల్టు తీసి, పాత డబ్బా వెతికించి, గొట్టం తగిలించి, స్క్రూ సర్ది పంపాను. నాలుగోసారి పాస్.

ఇంజిన్ నుంచి వచ్చే బ్రీదర్ గొట్టం కూడా ఆ డబ్బాలోకే పోతుంది. దాన్ని కిందికి వేలాడదీస్తే ఆయిల్ ఆవిరంతా రోడ్డు మీదికే. ఇది ఏ మీటర్లోనూ కనపడదు, కాలి షూ మీద కనిపిస్తుంది.

అపోహ: స్క్రూ బిగిస్తే పాస్ అయిపోతుంది.

ముందు ఆ స్క్రూ ఎటు ఉందో చూడండి. ఫిల్టర్ వైపుంటే అది గాలిది, విప్పితే పెట్రోలు పలచబడుతుంది. ఇంజిన్ వైపుంటే పెట్రోలుది, విప్పితే చిక్కబడుతుంది. సరే, పలచన చేస్తే సీవో (కార్బన్ మోనాక్సైడ్) తగ్గుతుంది. మరీ పలచన చేస్తే ఇంజిన్ మిస్ కొడుతుంది, కాలని పెట్రోలు అలాగే బయటికొచ్చి హెచ్‌సీ (హైడ్రోకార్బన్) అంకె ఎగబాకుతుంది. ఒకటి పాసై రెండోది ఫెయిలైన కాగితాలు మా షెడ్డు గోడకి బోలెడు.

అపోహ: పాత బండికి రూల్స్ ఉండవు.

ఉన్నాయి, కాస్త సడలింపుతో. 2000 మార్చి 31 దాకా తయారైన టూవీలర్‌కి స్లోలో సీవో 4.5 శాతం, హెచ్‌సీ 9000 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) దాటకూడదు. ఆ తర్వాతి ఫోర్‌స్ట్రోక్ బళ్లకి 3.5 శాతం, 4500. టూస్ట్రోక్‌కి 3.5, 6000. బీఎస్-4 నుంచి ఇంకా గట్టివి.

అపోహ: సర్టిఫికెట్ చేతిలో ఉంటే మార్పుకి ఇబ్బంది లేదు.

ఆ కాగితం ఆ రోజు స్లోలో పొగ ఎంతో చెబుతుంది, అంతే. అనుమతి లేని పార్టులు పెట్టి బండిని మార్చిన ఓనరుకి మోటారు వాహన చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాలుష్యం, శబ్దం రూల్స్ మీరితే 190(2) ఉంది, మొదటిసారికే 10,000 దాకా. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంట్లో ముందు పడేది బయటికి తొంగిచూసే ఆ మెరుపు ఫిల్టరే.

అపోహ: కారు బానెట్ కింద కోన్ పెడితే చల్లగాలి.

బానెట్ కింద చల్లగాలి ఎక్కడిది? 35 డిగ్రీల బయటిగాలికి బదులు 65 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత సుమారు 9 శాతం తగ్గినట్టే. కంపెనీ గొట్టం గ్రిల్ దగ్గరి నుంచి లాగేది అందుకే. ప్రీమియర్ పద్మినీ లాంటి పాత కార్లలో గాలి తీసుకునే చోటికి ఎండాకాలానికి, చలికాలానికి వేరువేరు సెట్టింగు ఉండేది, దాన్ని తిప్పాలని గుర్తున్న డ్రైవర్లు ఇప్పుడెక్కడున్నారో!

పాత డీజిల్ జీపుల కథ వేరు. పంపు డీజిల్ పోసేది పోస్తూనే ఉంటుంది, ఫిల్టర్ మూసుకుపోతే గాలి చాలక నల్లపొగ. అక్కడ స్క్రూలు కాదు, ముందు ఆయిల్‌బాత్‌లో (దుమ్ముని ఆయిల్‌తో పట్టే ఫిల్టర్‌లో) ఆయిల్ మార్చండి.

అపోహ: కాటన్ ఫిల్టర్ కొంటే ఇక జీవితాంతం చూడక్కర్లేదు.

కడగాలి, ఆరాలి, మళ్లీ దాని ఆయిల్ పట్టించాలి. ఆరిపోయిన కాటన్ దుమ్మును వదిలేస్తుంది. ఇబ్రహీంపట్నం రోడ్డులో బూడిద లారీల వెనక నెల తిరిగిన బండికి ఇది నేను చెప్పక్కర్లేదు. దుమ్ము లోపలికి పోతే సిలిండర్ బోరు అరుగుతుంది, ఆయిల్ కాలుతుంది, అప్పుడు ఏ స్క్రూ తిప్పినా హెచ్‌సీ దిగదు.

ఇంతకీ పాత బండి లాగడం లేదని వచ్చినవాళ్లకి నేనేం చేస్తానంటే, డబ్బాకీ కార్బురేటర్‌కీ, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బర్లు చూస్తాను. పదేళ్లు దాటితే గట్టిపడి, వంచినప్పుడు సన్న పగుళ్లు తెరుచుకుంటాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే స్లోలో ఉంచి ఇంజిన్ వైపు రబ్బరు చుట్టూ కార్బ్ క్లీనర్ చుక్కంత కొడతా. ఆర్పీఎం మారిందా, పగుల్లోంచి దూరే దొంగగాలి అక్కడే. మొదట్లో చెప్పినట్టు కోన్ ఫిల్టర్ అడుగుతూ వచ్చిన ఇంకో కుర్రాడి బండిలో కూడా అదే దొరికింది. రబ్బరు మార్చి, డబ్బాలోని ఫిల్టర్ ఫోమ్ కడిగి పెట్టాను. కోన్ ఫిల్టర్ కోసం తెచ్చిన డబ్బుల్లో సగానికి పైగా జేబులో పెట్టుకుని వెళ్లాడు, మొహం మాత్రం కాస్త చిన్నబుచ్చుకుని.