గది లోపలి వడదెబ్బ

ఎండలోకి అడుగు పెట్టని ముసలివారికి, నెత్తిన ఫ్యాను తిరుగుతుండగా, వడదెబ్బ ఎలా తగులుతుందన్నది ప్రతి వేసవిలోనూ వినిపించే ప్రశ్న. 2021 జూన్ చివర కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వడగాడ్పులకు 619 మంది చనిపోయారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు నిండినవారు. దాదాపు అందరూ ఇంటి కప్పు కిందే వేడికి బలయ్యారు.

కారణం మట్టికుండలో దొరుకుతుంది. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మన చర్మం చేసే పనీ అదే. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి ఖర్చవుతుంది. అయితే కుండలోని నీరు వేడి పుట్టించదు, శరీరం మాత్రం ఊరక కూర్చున్నా దాదాపు 100 వాట్ల, అంటే సెకనుకు 100 జౌళ్ల, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాన్నంతటినీ చెమటే వదిలించాలంటే గంటకు 150 గ్రాములు ఆవిరి కావాలి. గది గాలి 35 డిగ్రీలు దాటి చర్మం కంటే వేడెక్కితే ఇంకా ఎక్కువ కావాలి. ఏళ్ల తరబడి వాడిన కుండ రంధ్రాలు పూడుకుపోయి నీళ్లు చల్లబడనట్టే, వయసు మీరినవారిలో ఒక్కొక్క స్వేదగ్రంథి స్రవించే చెమట తగ్గిపోతుంది. లోపలి వేడిని చర్మం దాకా మోసుకురావలసిన రక్తప్రవాహమూ మందగిస్తుంది. కోస్తాలో ఉక్కపోసే రోజున కొత్త కుండే సరిగా చల్లబడదు, ఇక పాత కుండ సంగతి చెప్పనక్కర లేదు.

ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. తడి ఉన్న చర్మం మీద ఆ గాలి ఆవిరిని వేగిరపరుస్తుంది. పొడి చర్మం మీద, 40 డిగ్రీల గదిలో, వేడిని ఒంటికి చేరవేస్తుంది. కాబట్టి పెద్దవారికి ఫ్యాను వేయడంతో సరిపెట్టక, చేతులు, మెడ, వీపు తరచుగా తడిగుడ్డతో తుడవాలి. గ్రంథులు ఇవ్వలేని చెమటను బయటినుంచి మనమే అందించడమన్నమాట. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకానికి ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

వయసుతో దాహం కూడా మొద్దుబారుతుంది గనుక, అడిగే దాకా ఆగకుండా మంచినీళ్లో మజ్జిగో ఇస్తూ ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఎంత ఇవ్వాలో, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలను వేసవిలో ఎలా వాడాలో వైద్యుడే నిర్ణయించాలి. పొంతన లేని మాటలు, మగత కనిపిస్తే చాదస్తమని కొట్టిపారేయకుండా 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఒళ్లంతా తడుపుతూ విసరాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.